పర్లాకిమిడి బంకా, పాతపట్నం బంకా: రెండువైపులా కొట్టించుకున్నాక తేలిన లెక్క

ఒడిశా వైపు పర్లాకిమిడిలో కాపురం, సరిహద్దు దాటితే ఆంధ్ర వైపు పాతపట్నంలో పనులు. ఇలాంటి ఇళ్లు మా వైపు చాలానే. బండి రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతుంది కాబట్టి పెట్రోలు కూడా రెండువైపులా కొట్టించుకోవాల్సి వస్తుంది. ఈ సమీక్ష ఏ బండి మీదా కాదు, సరిహద్దు దాటి ట్యాంకు నింపుకునే అలవాటు మీద. వాడిన బళ్లు: కార్బొరేటరున్న పాత 110 సీసీ బైకు, ఇంజెక్షనుతో వచ్చిన కొత్త బైకు, ఒక పెట్రోలు కారు, ఒక డీజిలు పికప్. 2021 నవంబరు నుంచి బిల్లులు దాచి వేసిన లెక్క ఇది.

ముందు తేడా ఎంతో చూడాలి. 2024 మార్చి 15న కంపెనీలు లీటరుకు 2 రూపాయలు తగ్గించిన తరవాత భువనేశ్వర్‌లో పెట్రోలు 101 చిల్లర, విశాఖపట్నంలో 108 చిల్లర. డీజిలు భువనేశ్వర్‌లో 92 చిల్లర, విశాఖపట్నంలో 96 చిల్లర. జిల్లా మారితే రవాణా ఖర్చు మారుతుంది, దాంతో ధరలోనూ కొంత తేడా వస్తుంది. అయినా ఆ ధరల మీద గజపతి (పర్లాకిమిడి ఉన్న జిల్లా), గంజాం జిల్లాల సరిహద్దులో పెట్రోలుకు సుమారు 7, డీజిలుకు మూడున్నర తేడా వేసుకోవచ్చు. మల్కనగిరి వైపువాళ్లు ఈ అంకె నమ్ముకోకండి. డిపోలకు దూరం కావడంతో ఒడిశాలో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికే జిల్లాల్లో అదొకటి. ఆ రాష్ట్రంలో లీటరు 100 ముందుగా దాటింది కూడా అక్కడే, 2021లో.

ఈ 7 రూపాయలు ఎక్కడివి అని అడిగితే "ఒడిశాలో పన్ను తక్కువ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజమే. లీటరు పెట్రోలుకు కంపెనీ ధర, కేంద్రం ఎక్సైజు, డీలరు కమిషను కలిపితే అప్పట్లో సుమారు 79 రూపాయలు. దాని మీద ఒడిశా 28 శాతం వ్యాట్ వేస్తే 22 రూపాయల 12 పైసలు, మొత్తం 101.12. ఆంధ్రలో 31 శాతం, అంటే 24.49. అంతటితో ఆగితే 103.49 దగ్గర ఉండేది, తేడా రెండున్నర కూడా దాటదు. కానీ ఆంధ్రలో శాతానికి తోడు లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. ఆ అయిదూ కలిస్తే 108.49. అంటే 7 రూపాయల తేడాలో 5 ఈ స్థిరపన్నుదే.

డీజిలు లెక్క ఇంకా చిత్రం. ఒడిశా వ్యాట్ 24 శాతం, ఆంధ్ర 22.25 శాతం. శాతం చూస్తే ఆంధ్రే చవక! పన్నుకు ముందు ధర 74.70 అనుకుంటే ఒడిశాలో 92.63 అవుతుంది, ఆంధ్రలో 91.32 అవుతుంది. మళ్లీ ఆ 5 రూపాయలు వచ్చి పడి 96.32. శాతంగా వేసే పన్ను ముడి చమురు తగ్గినప్పుడు కొంచెమైనా దిగుతుంది. లీటరుకింత అని వేసింది చమురు ధర పాతాళానికి పోయినా కదలదు.

రాష్ట్రాన్ని తిట్టే ముందు ఢిల్లీ వాటా కూడా చూడాలి, అక్కడా ఇదే కిటుకు. 2014లో పెట్రోలు మీద ఎక్సైజు 9.48 రూపాయలు. 2020లో ప్రపంచమంతా చమురు ధర కూలిపోయినప్పుడు ఆ తగ్గుదల మన చేతికి రాలేదు. మేలో ఒక్క దెబ్బకు పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 పెంచి ఎక్సైజును 32 రూపాయల పైకి తీసుకెళ్లారు. 2021 నవంబరులో 5, 2022 మేలో 8 తగ్గించాక అప్పటికి 19.90కి వచ్చింది. అందులో రాష్ట్రాలతో పంచుకునే అసలు ఎక్సైజు 1 రూపాయి 40 పైసలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకం, వాటికి వాటాలు లేవు. కేంద్రం వ్యాట్ తగ్గించమంటుంది, రాష్ట్రం సెస్సు తగ్గించమంటుంది. ఎవరి మాటలో అబద్ధం లేదు, ఎవరి చెయ్యీ జేబులోంచి బయటికి రాదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిళ్లను దాని బయటే ఉంచడంతో ఈ బేరం అలా నడుస్తూనే ఉంది. రిఫైనరీ ఉన్న విశాఖపట్నంలోనే లీటరు 108 అయింది ఇందుకే.

ఇక అసలు ప్రశ్న: ఎంత దూరం నుంచి వస్తే గిట్టుబాటు?

బైకులో ఒకసారి 7 లీటర్లు పడుతుంది అనుకోండి. మిగిలేది 49 రూపాయలు. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండికి కిలోమీటరుకు పెట్రోలే 2 రూపాయలు. రానూపోనూ 24 కిలోమీటర్లు తిరిగేసరికి మిగులు హరించుకుపోతుంది. టైరు, చైను, ఇంజన్ ఆయిలు అరుగుదల కిలోమీటరుకు రూపాయి వేస్తే 16 కిలోమీటర్లకే సరి. కాబట్టి ఒకవైపు 8 కిలోమీటర్లు దాటితే పెట్రోలు కోసమే రావడం దండగ. పాతపట్నం నుంచి పర్లాకిమిడి సంతకో ఆసుపత్రికో వస్తూ నింపుకుంటే లాభం. టెక్కలి నుంచి పనిగట్టుకుని బైకు వేసుకొచ్చేవాడు మాత్రం ఎదురు డబ్బు పోసినట్టే. 100 రూపాయలకు కొట్టించుకునేవాడికి మిగిలేది 7 రూపాయలే, టీ చుక్క కూడా రాదు.

కారుకు 30 లీటర్లు పడితే 210 మిగులుతుంది. లీటరుకు 15 కిలోమీటర్ల లెక్కన ఒకవైపు 15 కిలోమీటర్ల దాకా నష్టం లేదు. డీజిలు పికప్‌కు 40 లీటర్ల మీద మిగిలేది 140 రూపాయలే, 9 కిలోమీటర్ల దగ్గర లెక్క చెల్లు. అందుకే డీజిలు బళ్లవాళ్లు కిరాయి మీద ఇటు వచ్చినప్పుడు నింపుకోవడం తప్ప వేరే దారి చూడకూడదు. ప్యాసింజరు ఆటోకి పర్మిట్ ఏ రాష్ట్రానిదో చూసుకోండి, దొరికితే కట్టే జరిమానాకి నెల మిగులు చాలదు.

మా మార్కులు: బైకుకి అయిదుకి మూడు, కారుకి నాలుగు, పికప్‌కి రెండు.

బంకు దగ్గర చూడాల్సినవి. "ఒడిశా పెట్రోలు పలచన, మైలేజి ఇవ్వదు" అని అటువాళ్లంటారు, "ఆంధ్ర బంకుల్లో కొలత తక్కువ" అని ఇటువాళ్లంటారు. కంపెనీలు అవే, ప్రమాణం ఒకటే. మా బిల్లుల్లో రాష్ట్రాన్ని బట్టి మైలేజి మారలేదు. మారితే అది ఆ బంకు గొడవ. అనుమానం వస్తే మూడు పరీక్షలు అడిగి చేయించుకోవచ్చు.

కొలత: ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్ర ఉండాలి. దాన్ని ముందు ఒకసారి పెట్రోలుతో తడిపి వంపేయాలి, చదునైన చోట పెట్టాలి, సరిగ్గా 5 లీటర్లు కొట్టించి మెడ దగ్గర గీత చూడాలి. 25 మిల్లీలీటర్ల వరకు తేడాకి ఒప్పుదల ఉంది, అంతకు మించి తగ్గితే ఫిర్యాదు చేయొచ్చు.

సాంద్రత: జాడీలో పెట్రోలు పోసి హైడ్రోమీటరు, థర్మామీటరు ముంచి చూస్తారు, పట్టిక ప్రకారం 15 డిగ్రీలకు మారుస్తారు. ఆ అంకె ఆ రోజు రిజిస్టరులో ఉన్నదానికి 3 పాయింట్లు అటూ ఇటూ లోపు ఉండాలి. రిజిస్టరులో 745 ఉంటే 742 నుంచి 748 లోపు రావాలి.

ఫిల్టరు పేపరు: గన్ను మూతి తుడిచి ఒక్క చుక్క వేయాలి, రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరాలి. ఆయిలులాంటి బరువైన కల్తీని ఇది పట్టేస్తుంది, నీటిని పట్టదు. పేపరు బాగుంది కదా అని నిశ్చింతగా ఉండకండి.

నిజానికి పోయేది ఎక్కువగా మీటరు దగ్గరే. ముందు బండికి 150 కొట్టి, జీరో చేయకుండా మీ ట్యాంకులో గన్ను పెట్టడం పాత పద్ధతి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టడం ఇంకోటి. జీరో కళ్లారా చూసి, చేతిలో ఫోను లోపల పెట్టి, బిల్లు తీసుకుంటే చాలు. 100 బదులు 110కి కొట్టించాలనడంలో పసలేదు, మీటరు లెక్కపెట్టేది లీటర్లని. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ పడుతుందన్నదీ అంతే. బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది, లోపలి వేడి రోజంతా పెద్దగా మారదు.

మైలేజి చూడాలంటే ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకే లెక్క వేయాలి, అదీ వరసగా మూడుసార్లు. ఇథనాల్ 20 శాతానికి చేరాక లీటరుకు కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తగ్గడం మా పాత బైకులో స్పష్టంగా కనిపించింది. ఇథనాల్‌లో పెట్రోలు కన్నా శక్తి మూడోవంతు తక్కువ. పాత తరహా ద్విచక్ర వాహనాల్లో 3, 4 శాతం మైలేజి పడిపోవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. 7 రూపాయలంటే లీటరు ధరలో ఆరున్నర శాతం. సరిహద్దు దాటి సంపాదించిన దాంట్లో సగం ఇథనాల్ తినేస్తోందన్నమాట.

ఇప్పుడు చెడేవి. అన్నిటికన్నా ఖరీదైనది "అటు వెళ్లాక కొట్టిద్దాం" అని ట్యాంకు అడుగంటేదాకా నడపడం. ఇంజెక్షను బళ్లలో పెట్రోలు మోటారు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వు మీద తిరిగితే మోటారు వేడెక్కి అరుగుతుంది, అడుగు మడ్డి ఫిల్టరుకి ఎక్కుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజుతుంటే అనుమానించాల్సింది ముందు దీన్నే. మోటారు మార్చడమంటే వేల రూపాయల మాట. నెలకి వంద మిగుల్చుకునేవాడికి అది ఏళ్ల సంపాదన. నాలుగోవంతు మిగిలి ఉండగానే ఏ వైపు బంకైనా సరే, ఒక లీటరు వేయించండి.

డీజిలు బండి పూర్తిగా ఆరిపోతే గాలి పట్టేస్తుంది. ట్యాంకులో పది లీటర్లయినా పోసి, ఫిల్టరు మీది బ్లీడు స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా చూడాలి. డీజిలు ధారగా వచ్చాకే స్క్రూ బిగించాలి. సెల్ఫు కొడుతూ కూర్చుంటే బ్యాటరీ పోతుంది గానీ బండి లేవదు.

రెండోది క్యాన్లు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోలు పట్టుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. సొంత వాడకానికి లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగింది మొత్తం 30 లీటర్లే, లోహపు డబ్బా అయితే ఒక్కోదానికి 25 లీటర్లు మించకూడదు. అమ్మడం అసలే కుదరదు. ఊళ్లలో కొట్ల ముందు వేలాడే సీసా పెట్రోలు ఇలా వచ్చిందే. ఎండకి సగం ఆవిరై, వానాకాలం చెమ్మ పీల్చి ఉంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలులో నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. బండి స్టార్టై వంద గజాల్లో ఆగిపోతుంది. కార్బొరేటరు బండైతే బౌలు కింది స్క్రూ విప్పి గాజు గ్లాసులోకి వదిలితే రెండు పొరలు కనిపిస్తాయి. ట్యాంకు మొత్తం దింపేసి ఆరబెట్టి కొత్త పెట్రోలు పోయాలి, కలిపి వాడేద్దామంటే జెట్టు (కార్బొరేటరులో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రం) మూసుకుపోతుంది. డీజిలుకు నిబంధన ఇంత బిగువు కాదు కాబట్టి ట్రాక్టరు వాళ్లు డ్రమ్ములు వాడతారు. డ్రమ్ము కొంచెం వాల్చి పెట్టి, అడుగు నాలుగు వేళ్ల డీజిలు ఎప్పుడూ వదిలేయాలి, నీరు చేరేది అక్కడే.

మూడోది గొంతు దాకా నింపడం. గన్ను దానంతట అది ఆగాక ఇంకో యాభై, ఇంకో ఇరవై అంటూ కుదిస్తే బీఎస్-6 బళ్లలో (కొత్త పొగ నిబంధనలతో వచ్చినవి) ఆవిరి పీల్చే డబ్బాలోకి పెట్రోలు దిగుతుంది. తరవాత స్టార్టింగు ఇబ్బంది, వాసన. ఆ కుదింపులో అదనంగా పట్టేది అరలీటరు, అంటే మిగిలేది మూడున్నర రూపాయలు.

పాతపట్నం వైపు బంకుల వాళ్ల పరిస్థితీ చెప్పాలి. డీలరుకి వచ్చేది లీటరు పెట్రోలుకు నాలుగు రూపాయల చిల్లర కమిషను, ధర ఎంతైనా దాదాపు అంతే. సరిహద్దు నుంచి బళ్లు పర్లాకిమిడి వైపు మళ్లితే వాళ్ల అమ్మకం పడిపోతుంది, కరెంటు బిల్లు, కుర్రాళ్ల జీతాలు పడవు. ఖాళీగా ఉన్న బంకులో మాకైతే గాలి నిదానంగా, సరిగా పట్టారు. టైర్లలో గాలి రెండువైపులా ఉచితమే, ఉండాల్సినదానికన్నా తగ్గితే మైలేజి తగ్గేదీ రెండువైపులా ఒకటే. డీజిలు మీద ఆ అయిదు రూపాయలు ఎత్తేసిన రోజున మాత్రం లైను తిరగబడుతుంది. అప్పుడు లీటరుకు రూపాయి పైచిలుకు కోసం పర్లాకిమిడి పికప్‌లే వంతెన దాటి పాతపట్నం బంకుల్లో నిలబడతాయి.