ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 2: పాతదే, కానీ రోజూ బ్యాగులో ఉండేది ఇదే

2015లో వచ్చిన కెమెరాకి ఇప్పుడు రివ్యూ ఏంటి అనకండి, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దీని గురించి అడిగేవాళ్ళు బానే ఉన్నారు. 16 మెగాపిక్సెల్, బ్యాటరీ కార్డు కలిపి 390 గ్రాములు, 45 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ తగిలించినా అర కిలో. లంచ్ బాక్స్ పక్కన పడేసి ఆఫీసుకి పట్టుకెళ్తా. నా పెద్ద డీఎస్ఎల్ఆర్ అయితే పెళ్ళిళ్ళకి తప్ప బీరువాలోంచి బయటికొచ్చేదే కాదు.

నాకు దీని అసలు మజా సికింద్రాబాద్ మోండా మార్కెట్లో తెలిసింది. స్క్రీన్ పైకి వంచి నడుం దగ్గర పట్టుకుని తీస్తే ఎదుటివాళ్ళు బిగుసుకుపోరు, అడిగి తీసినా సరే మామూలుగానే ఉంటారు. ఒకావిడకి ఫొటో చూపిస్తే "మా మనవని ఫోన్‌కి పంపు బిడ్డా" అంది, స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ నా ఫోన్‌తో స్కాన్ చేసి వైఫైలో దింపుకుని అక్కడే పంపేశా. వాట్సాప్‌లో పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి, లేకపోతే ఇంత లెన్స్ పెట్టి తీసిందంతా దండగ.

ఇంకోటి, దీని సెన్సార్ 4:3, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. కెమెరా నిలువుగా తిప్పి తీస్తే 3:4 వస్తుంది, 2025 నుంచి ఇన్‌స్టా ఆ సైజు అలాగే తీసుకుంటోంది కాబట్టి తలో కాళ్ళో కట్ చేసే పని లేదు.

చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ మాత్రం సూపర్, ఇరానీ హోటల్లో చీకటి మూల టేబుల్ మీద చాయ్ కప్పు, ఉస్మానియా బిస్కెట్లు చేత్తో పట్టుకునే నెమ్మది షట్టర్‌లో వచ్చేస్తాయి. కానీ ఎదురుగా పరిగెత్తుకొచ్చే పిల్లాడిని తీయాలంటే కష్టం, ఇందులో ఉన్నది కాంట్రాస్ట్ ఫోకస్ ఒక్కటే, అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఫోకస్ పట్టుకుంటుంది, ఈలోపు వాడు మీ ఒళ్ళో ఉంటాడు. సైలెంట్ షట్టర్ కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద వాడితే ఫొటో నిండా చారలు. కంపెనీ లెక్కలో బ్యాటరీ 320 ఫొటోలకి, వైఫై వాడితే ఇంకా తొందరగా అయిపోతుంది, పైగా యూఎస్‌బీతో ఛార్జ్ అవ్వదు, ఇంకో బ్యాటరీ కొనాల్సిందే.

ఒలింపస్ కెమెరాల బిజినెస్ అమ్మేసింది కదా అని భయం వద్దు, ఇప్పుడు ఓఎం సిస్టమ్ పేరుతో నడుస్తోంది, లెన్స్ తగిలించే మౌంట్ కూడా అదే, మైక్రో ఫోర్ థర్డ్స్ అనే రకం. పానసోనిక్‌వి కూడా పడతాయి, వాళ్ళ 20 ఎంఎం ఎఫ్1.7 రెండో వెర్షన్ 87 గ్రాములే, ఫోకస్ కాస్త నిదానం అనుకోండి, అయినా నేను అదే పెట్టి తిరుగుతా.

కొనేవాళ్ళు బాడీ మీద గీతలు పట్టించుకోకండి, లెన్స్ మీద డబ్బులు పెట్టండి. వైజాగ్, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో వాడిన లెన్స్ అయితే లోపల ఫంగస్ ఉందేమో ఫోన్ టార్చ్ వేసి చూశాకే డబ్బులివ్వండి.