జిమ్మర్‌మనా, వాకరా: మొదటి స్వెట్టర్‌కి ఎవరి దారి మేలు?

టోపీలూ మఫ్లర్లూ చేయి తిరిగాక అందరూ అడిగేది ఒకటే. స్వెట్టర్‌ని అల్లికల పుస్తకాలు రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ చెప్పినట్టు కింది అంచు నుంచి పైకి అల్లాలా, అలాంటి మరో రచయిత్రి బార్బరా వాకర్ చెప్పినట్టు మెడ నుంచి కిందికి దించాలా? జిమ్మర్‌మన్ పుస్తకం ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’ 1971లో వచ్చింది, వాకర్ ‘నిట్టింగ్ ఫ్రమ్ ద టాప్’ 1972లో. ఇద్దరిదీ గుండ్రంగా, అతుకుల్లేకుండా అల్లే పద్ధతే కాబట్టి ఆ విషయంలో పేచీ లేదు.

వాకర్ దారిలో పెద్ద సుఖం, మధ్యలోనే తొడిగి చూసుకోవచ్చు. చంకల దాకా వచ్చాక కుట్లని దారం మీదికి ఎక్కించి వేసుకుంటే బిగుతో వదులో అప్పుడే తెలిసిపోతుంది. ఊలు చాలదేమోనన్న టెన్షన్ కూడా తక్కువే, నడుం దగ్గర కాస్త ముందే ఆపేస్తాం. ఎదిగే పిల్లలకైతే మరుసటి ఏడు కింది అంచు విప్పి పొడవు పెంచొచ్చు.

కానీ మనలో చాలామంది అల్లేది ఎవరికి? విజయవాడలో కూర్చుని, షికాగోలో ఉన్నవాళ్లకి. ఇక్కడి చలికి ఉన్ని స్వెట్టర్ ఎన్నాళ్లు వేస్తాం గనక! తొడిగి చూడ్డానికి మనిషి ఎదురుగా లేనప్పుడు వాకర్ దారిలోని అసలు లాభం సగానికి సగం పోయినట్టే. వాట్సాప్‌లో వచ్చేది ఒక్క ఛాతీ కొలత. జిమ్మర్‌మన్ లెక్క నడిచేది ఆ ఒక్క కొలత మీదే. నా వరకు తేల్చేసే విషయం ఇదే.

అంగుళానికి 5 కుట్లు, స్వెట్టర్ చుట్టుకొలత 40 అంగుళాలు అనుకోండి. మొత్తం 200 కుట్లు, అదే నూరు శాతం. మణికట్టు దగ్గర అందులో 20 శాతం, అంటే 40. చేతి పైభాగానికి 33 శాతం, 66. చంక కింద 8 శాతం, 16. మెడకి 40 శాతం, 80. ఊలు మారినా సూది మారినా మళ్లీ ఇదే లెక్క. చేతులు విడిగా అల్లి, చంకల దగ్గర ఒంటితో కలిపి అన్నిటినీ ఒకే సూది మీదికి తెస్తాం. విడి చేయి చిన్నది, రైల్లో కూడా సాగుతుంది. వాకర్ పద్ధతిలో చేతులు అల్లే వేళకి స్వెట్టరంతా ఒళ్లోనే ఉంటుంది. మే నెలలో అది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

జిమ్మర్‌మన్ మీద ఫిర్యాదు, ప్రతి వరసా రాసి ఇవ్వదని. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఈవిడ ఒక పత్రికకి గుండ్రటి అల్లిక నమూనా పంపితే, వాళ్లు దాన్ని ముక్కలుగా అల్లి కుట్టే మామూలు పద్ధతిలోకి మార్చి అచ్చేశారు. దాంతో 1958లో సొంతంగా న్యూస్‌లెటరే మొదలుపెట్టింది. కారణం చెప్పి మిగతాది మనకి వదిలేయడం ఆవిడ తీరు. నాకు అదే నచ్చుతుంది.

స్కర్టులూ ప్యాంట్లూ కూడా అల్లాలంటే వాకర్ పుస్తకమే. డిజైన్ల కోసమైతే ఆవిడ 1968 నాటి డిజైన్ల పుస్తకం ‘ట్రెజరీ’కి సాటి లేదు. మేరీ థామస్ అనే ఆవిడ 1938లో రాసిన అల్లికల పుస్తకం సందేహాలు తీర్చుకోవడానికి బాగుంటుంది.

జిమ్మర్‌మన్ దారిలో జాగ్రత్త పడాల్సింది అంగుళానికి పడే కుట్ల దగ్గరే. 5 అనుకున్నది నాలుగున్నర పడితే 40 అంగుళాల స్వెట్టర్ 44 దాటిపోతుంది. అందుకే అదే ఊలుతో, అదే మందం సూదులతో ముందు ఒక టోపీ అల్లి కొలవమంటుంది. ఛాతీ కొలత కూడా ఒంటి మీద కాకుండా, వాళ్లకి బాగా సరిపోయే పాత స్వెట్టర్‌ని నేల మీద పరిచి కొలిచి పంపమనండి.