మొనాకోనా, హంగరోరింగా: ఏది కష్టం?

మొనాకో వీధుల ట్రాక్, హంగరీలోని హంగరోరింగ్: రెండూ ఫార్ములా వన్ కార్ రేసులు జరిగేవే. రెండూ ఇరుకే, రెంటిలోనూ ఓవర్‌టేక్ గగనమే. ఇబ్బంది మాత్రం వేరు. మొనాకో 3.337 కిలోమీటర్లు, 19 మలుపులు, 78 ల్యాప్‌లు. మామూలు రోజుల్లో బస్సులు తిరిగే రోడ్డే అది. తెల్ల గీతల మీద, ముఖ్యంగా వాన పడితే, టైరు జారుతుంది. గ్రాండ్ హోటల్ హెయిర్‌పిన్ (U ఆకారపు మలుపు)లో వేగం గంటకు దాదాపు 50 కిలోమీటర్లకు పడిపోతుంది. మామూలు స్టీరింగ్‌తో కారు అంత తిరగదు కాబట్టి, ముందు చక్రాలు ఇంకా ఎక్కువ తిరిగేలా సస్పెన్షన్ భాగాలు మార్చుకొస్తారు. తప్పుకు చోటే లేదు: 1988లో బ్రెజిల్ డ్రైవర్ అయిర్టన్ సెన్నా దాదాపు 55 సెకన్ల ఆధిక్యంలో ఉండి కూడా పోర్టియర్ మలుపు దగ్గర రెయిలింగ్‌కు కొట్టుకున్నాడు.

హంగరోరింగ్ (4.381 కిలోమీటర్లు, 14 మలుపులు, 70 ల్యాప్‌లు) గోడకు గుద్దదు, ఉడికిస్తుంది. ఐరోపా నడి వేసవి రేసు, పొడవైన స్ట్రెయిట్ (తిన్నని దారి) ఒక్కటే. వెనుక టైర్లకు, బ్రేకులకు చల్లబడే వ్యవధి దొరకదు. మధ్య భాగంలో మలుపులు గొలుసుకట్టు. ఒకదాంట్లో ఒక్క అడుగు బయటికి పోతే తర్వాతి రెండింటికీ లైన్ (వేగంగా వెళ్లే సరైన దారి) తప్పుతుంది. లైన్ దాటితే దుమ్ము, పట్టు సున్నా.

క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీలో) ఒక్క ల్యాప్‌కైతే మొనాకోయే కష్టం. రేసు మొత్తానికి, ఒళ్లు హూనం చేసేది హంగరోరింగే.