మురుగునీటి సిమ్యులేషన్‌కు ఏ డేటా మేలు: బీఎస్ఎం1 ఫైలా, మన ప్లాంటు కొలతలా?

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో ఎం.టెక్ ప్రాజెక్టులు మొదలైతే చాలు, విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. పైథాన్‌లో శుద్ధి ప్లాంటును నడిపించేటప్పుడు ఇన్‌ఫ్లో (లోపలికి వచ్చే మురుగు) డేటాగా ఏది ఇవ్వాలి?

బీఎస్ఎం1 అంటే శుద్ధి ప్లాంటు నియంత్రణ పద్ధతులను పోల్చడానికి పరిశోధకులు తయారుచేసిన ప్రామాణిక నమూనా. దాని ఫైలుతో హాయి ఎక్కువ. 14 రోజుల డేటా, పావుగంటకో వరస. ఎండ రోజులకు, వానకు, కుండపోతకు వేర్వేరు ఫైళ్లు. బ్యాక్టీరియా మురుగును శుద్ధి చేసే తీరును లెక్కించే గణిత నమూనా ఏఎస్ఎం1. దానికి కావలసిన 13 భాగాలూ (మురుగులోని పదార్థాలు) విడివిడిగా ఉంటాయి. రాసిన కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి, రెండు నియంత్రణ పద్ధతులను పోల్చడానికి దానికి సాటి లేదు.

అయితే విజయవాడ సింగ్‌నగర్ ప్లాంటుకు వచ్చే మురుగు ఆ ఫైలులో లేదు. అందులో సగటు ప్రవాహం రోజుకు 18,446 ఘనపు మీటర్లు. దాన్ని మన ప్లాంటు సామర్థ్యానికి తగ్గించి సరిపెట్టేవారు చాలామంది. ప్రవాహం తగ్గుతుంది కానీ ఏ గంటకు ఎంత వస్తుందన్న తీరు మారదు. నా దృష్టిలో అసలు విషయం ఆ తీరే. మన దగ్గర కుళాయి నీళ్లు వదిలే వేళలు, అపార్టుమెంట్ల ట్యాంకులు, మురుగు పైపుల పొడవు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. అమ్మోనియా ఎగసిన గంటలో గాలి చాలకపోతే నైట్రిఫికేషన్ (అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రేటుగా మార్చడం) వెనకబడుతుంది. రోజువారీ సగటులో ఆ గంట కనబడదు.

సగటులో ఇంకో మోసం ఉంది. రాత్రి గంటకు 100 ఘనపు మీటర్లు, అమ్మోనియా లీటరుకు 20 మిల్లీగ్రాములు అనుకోండి. ఉదయం 300, 40. సగటును సగటుతో గుణిస్తే గంటకు 6,000 గ్రాములు వస్తుంది. నిజంగా వచ్చేది 7,000. అందుకే సగటు తీసేటప్పుడు గాఢతను ప్రవాహంతో తూచాలి.

కనుక నా మొగ్గు సొంత కొలతల వైపే. మొన్న ఏప్రిల్‌లో ఇద్దరు విద్యార్థులతో ఒక ప్లాంటు ఇన్‌లెట్ దగ్గర 24 గంటలు కూర్చుని, రెండు గంటలకోసారి సీసా నింపి ఐస్ పెట్టెలో పెట్టాం. తెల్లవారుజామున మూడింటి సీసా దాదాపు తేటగా ఉంది, ఏడింటిది బూడిద రంగులో నురగతో ఉంది. ఆ తీరును గుణకాలుగా (ఏ గంటలో సగటుకు ఎన్ని రెట్లు అన్నది) మార్చి, ల్యాబు రోజువారీ విలువలకు పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో అతికించాం. వడకట్టిన నీటికి సీఓడీ (సేంద్రియ పదార్థం ఎంతుందో చూపే పరీక్ష) కూడా చేయించండి, లేకపోతే కరిగిన భాగం ఎంతన్నది ఊహే అవుతుంది. ప్రవాహాన్ని కొలిచే మీటరు గంటకు లెక్క చూపిస్తే 24తో గుణించండి, బీఎస్ఎం లెక్క రోజుకు.

సిమ్యులేషన్‌ను మొదట మార్పులేని స్థిర స్థితికి తేవడానికి సగటు విలువలు చాలు. బీఎస్ఎం1 తరువాతి రూపమైన బీఎస్ఎం2 ఫైలు 609 రోజులది, రుతువుల ప్రభావం చూడాలంటే తీసుకోండి, ఎం.టెక్‌కు అంత అక్కర్లేదు.

ఏప్రిల్ తీరు వానాకాలానికి చెల్లదు. డ్రైన్లలోకి వాననీరు చేరితే ప్రవాహం పెరిగి గాఢత పలచబడుతుంది. అందుకే జూలైలో మళ్లీ అదే ఇన్‌లెట్ దగ్గర ఒక రాత్రి గడపాలనుకుంటున్నాం.