బీపీ మెషిన్ మూడేళ్ళ వాడకం, కఫ్ సైజు దగ్గర నేను చేసిన తప్పు

పన్ను పీకించుకుందామని వెళ్తే డెంటిస్టు ముందు బీపీ చూసి, 164/102 ఉంది ఇవాళ పీకను, ఫిజీషియన్‌కి చూపించుకుని రండి అని వెనక్కి పంపించేశారు, అలా వచ్చింది ఈ మెషిన్ మా ఇంటికి. అప్పటికి నాకు 46. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, బీపీ అంటే కోపిష్టోళ్ళకి వచ్చేదనుకునేవాణ్ణి. ఆ సాయంత్రమే రెండు వేల చిల్లర పెట్టి జబ్బకి చుట్టుకునే డిజిటల్ది కొనేశా. మణికట్టుది చిన్నగా ముద్దుగా ఉంది గానీ చెయ్యి కాస్త పైకీ కిందకీ అయినా నంబరు మారిపోతుందని షాపతనే వద్దన్నాడు, అంతవరకు మంచి సలహానే.

కానీ కఫ్, అంటే జబ్బకి చుట్టే పట్టీ, దాని సైజు గురించి అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. డబ్బాలో వచ్చిన పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికట, నా జబ్బేమో 35. పట్టీ చేతికి చిన్నదైతే రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇది తెలియక మొదటి నెలంతా హడలిపోయా, రోజుకి పదిసార్లు చూసుకునేవాణ్ణి, ఎక్కువొచ్చిందని కంగారు, కంగారుకి ఇంకాస్త ఎక్కువ, మళ్ళీ చూడు. మా ఆవిడ విసుగొచ్చి మెషిన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది కూడా.

డాక్టరుగారు మెషిన్ తీసుకురమ్మన్నారు, పట్టీ చూడగానే ఇది మీది కాదు మీ అబ్బాయిది అని నవ్వారు. పెద్ద కఫ్ విడిగా కొన్నాక నాకు పై నంబరు ఏడెనిమిది పాయింట్లు తగ్గింది. అయినా ఇంట్లో 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క, నాకు వారం సగటు 148/93 వచ్చింది కాబట్టి మాత్ర తప్పలేదు. ఆ వారం ఎలా చూసుకోవాలో కూడా ఆయనే చెప్పారు, పొద్దున రెండుసార్లు (మాత్ర మొదలయ్యాక అయితే వేసుకోకముందు), రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం గ్యాప్. కాఫీ తాగి అరగంట కావాలి, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. మా ఇంట్లో పొద్దున్నే అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడమే అన్నిటికన్నా కష్టం అనుకోండి.

నంబర్లు కేలండర్ మీద రాసుకోవడం మొదలుపెట్టాక మెషిన్ అసలు ఉపయోగం తెలిసింది. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోళీలు వేసుకున్న వారం పైది 150 దాటేసింది, అడిగితే ఆ రకం నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయన్నారు, అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఇంకోసారి అంతా నార్మల్ వస్తోంది కదా అని మాత్ర నేనే ఆపేశా, రెండు వారాల్లో 158. నార్మల్ వచ్చింది మాత్ర వేసుకోబట్టే అని ఆ నంబరు చూశాక గానీ బుర్రకెక్కలేదు.

ఉప్పు సంగతి మాత్రం మెషిన్ చెప్పింది కాదు, ఉప్పు ప్యాకెట్ చెప్పింది. రోజుకి మనిషికి 5 గ్రాముల లోపు అంటారు, అంటే చిన్న చెంచాడు. మా నలుగురికి కిలో ప్యాకెట్ ఇరవై రోజులకి అయిపోయేది, భాగిస్తే తలకి రోజుకి పన్నెండున్నర గ్రాములు! పైగా ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బయట తినే బజ్జీలు ఈ లెక్కలో లేవు. ఒక్కసారిగా తగ్గిస్తే అన్నం గడ్డిలా ఉంటుంది, మేం ముందు మజ్జిగలో ఉప్పు మానేశాం, తర్వాత పచ్చడి రోజూ కాకుండా ఆదివారానికి పెట్టుకున్నాం (మా అమ్మ ఈ విషయంలో నాతో రెండ్రోజులు మాట్లాడలేదు). ఇప్పుడు ప్యాకెట్ దాదాపు నలభై రోజులు వస్తోంది. సోడియం తక్కువ ఉప్పు తెద్దామనుకున్నా గానీ అందులో పొటాషియం ఉంటుంది, అమ్మకి కిడ్నీ సమస్య ఉంది కాబట్టి వద్దన్నారు, తెచ్చేముందు మీరూ అడగండి.

నడక వారానికి అయిదు రోజులు అరగంట, వానాకాలంలో ఎగ్గొడతా. బరువు ఆరు కిలోలు తగ్గింది, అన్నీ కలిసి ఇప్పుడు 126/80 చుట్టుపక్కల ఉంటోంది, మాత్ర డోసు సగం చేశారు. ఇందులో నడకది ఎంత, ఉప్పుది ఎంత, మాత్రది ఎంత అంటే నేను చెప్పలేను.

మెషిన్‌లో లోపాలూ ఉన్నాయి. రెండేళ్ళకే పట్టీ అంటుకోవడం మానేసింది, గాలి ఎక్కుతుంటే టరర్‌మని ఊడిపోతుంది, కొత్తది మెషిన్ ధరలో మూడో వంతు. నాలుగు పెన్సిల్ సెల్స్ పడతాయి, అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి. ఇద్దరికీ వేరే వేరే మెమరీ ఉంది గానీ అమ్మ బటన్ మార్చదు, ఆవిడవీ నావీ కలిసిపోతాయి, కేలండరే నమ్మకం. అయినా పాడైతే మళ్ళీ ఇదే రకం కొంటా, ఈసారి టైలర్ టేపు జేబులో పెట్టుకుని వెళ్తా.

అన్నట్టు ఆ పన్ను రెండు నెలల తర్వాత పీకారు. పీకేముందు బీపీ చూస్తుంటే ఆయనేదో అడిగారు, నేను నోరు విప్పలేదు.