ఆటోనగర్ మెకానిక్ షెడ్డు: వేడెక్కే పాత డీజిల్ కారుకు ఓపికైన పరీక్ష

హైవే ఎక్కగానే వేడెక్కే మా పాత డీజిల్ కారును విజయవాడ ఆటోనగర్‌లోని ఈ చిన్న షెడ్డులో చూపించాం. వేరేచోట హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ పైనుండే హెడ్‌కూ మధ్య సీలు) మార్చాలన్నారు. ఇక్కడి మేస్త్రి మాత్రం ట్రాఫిక్‌లో వేడెక్కితే ఫ్యాన్‌ను, వేగంగా వెళ్తున్నప్పుడు వేడెక్కితే రేడియేటర్‌ను ముందుగా అనుమానించాలని వివరించి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీసి, మళ్లీ స్టార్ట్ చేసి కూలెంట్‌లో (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలో) ఎడతెగని బుడగలు వస్తున్నాయేమో చూశారు. రాలేదు, అంటే గ్యాస్కెట్ పాడైన సూచన లేదు. తర్వాత వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే థర్మోస్టాట్‌ను విప్పి, గిన్నెలో కాగుతున్న నీళ్లలో వేలాడదీసి, 82 డిగ్రీలు దాటాక వాల్వు మెల్లగా తెరుచుకోవడాన్ని మాకు చూపించారు. చివరికి రేడియేటర్ ట్యూబుల్లో బోరు నీటి సున్నం పేరుకుపోయిందని తేలింది. ఆ ట్యూబులుండే కోర్ మార్చి, కూలెంట్ నింపి, లోపలి గాలి పోయేదాకా ఇంజిన్‌ను నడిపించారు. అక్కర్లేని హెడ్ పని జోలికి పోని ఈ నిజాయతీ నాకెంతో నచ్చింది. పని నిదానంగా సాగుతుంది కనుక బండిని ఉదయాన్నే అప్పగించడం మంచిది.