పడవ అడుగున జింకా, అల్యూమినియమా: ఏది మేలు?

హ్యూస్టన్‌లో చేపల వేటకు అల్యూమినియం పడవ కొనుక్కున్న మనవాళ్లు నన్ను పదేపదే అడిగేది ఒకటే: పడవ లోహం తినేసుకుపోకుండా దానికి బదులు తాను కరిగేలా అడుగున బిగించే ఆనోడ్ దిమ్మ జింకుది మంచిదా, అల్యూమినియందా? కిందటి నెలే నా పడవకు పాతవి తీసి కొత్తవి వేశాను కాబట్టి ఈసారి వివరంగా చెబుతాను.

ముందు మీ పడవ ఏ నీటిలో తిరుగుతుందో చూసుకోండి. నాకు తెలిసినంతలో తేల్చేది అదే. నాది ఒక వారం లేక్ కాన్రోలో, మరో వారం గాల్వెస్టన్ బేలో దిగుతుంది. మొదటిది మంచినీరు. రెండోచోట ట్రినిటీ, శాన్ జసింటో నదులు వచ్చి కలుస్తాయి కాబట్టి వానలను బట్టి ఉప్పదనం మారుతుంది.

ఎప్పుడూ ఉప్పునీటిలోనే ఉండే పడవకు జింకు చక్కగా సరిపోతుంది. మంచినీటిలో మాత్రం దాని మీద గట్టి పొర కట్టి పని ఆగిపోతుంది. నేను విప్పిన జింకు దిమ్మలకు రెండేళ్లయినా అంచులు అరగలేదు, పోత అక్షరాలు కూడా చెరగలేదు. బాగా మన్నాయని సంతోషించడానికి లేదు. కరగాల్సిన దిమ్మ కరగకపోతే పడవ కరుగుతుంది. జానెడు దూరంలో ఒక స్టీలు బోల్టు చుట్టూ రంగు ఉబ్బి ఉంది. గోటితో గీరితే తడిసిన సున్నంలాంటి తెల్లటి ముద్ద, దాని కింద పెసరగింజ పట్టేంత గుంట.

అల్యూమినియం పడవను అల్యూమినియం దిమ్మ ఎలా కాపాడుతుందని చాలామందికి అనుమానం. దిమ్మలోది వేరే మిశ్రమం. అందులో కొంత జింకు, రవ్వంత ఇండియం అనే లోహం కలుపుతారు. ఆ ఇండియం వల్లే దాని మీద ఆక్సైడ్ పొర నిలవదు. ఉప్పునీటిలో పడవ రేకు సుమారు మైనస్ 0.75 వోల్టుల దగ్గర ఉంటే జింకు మైనస్ 1.03, ఈ మిశ్రమం మైనస్ 1.1 దగ్గర ఉంటాయి. మైనస్ ఎక్కువున్న లోహమే ముందు కరిగి రెండోదాన్ని కాపాడుతుంది. కిలోకు ఇచ్చే విద్యుత్తు జింకు కంటే మూడు రెట్లకు పైనే. ఉప్పు తగ్గిన నీటిలోనూ పనిచేస్తూనే ఉంటుంది. నా ఓటు దీనికే. బిగించే చోట రంగు గీకి లోహం మెరిసేలా చేయండి, దిమ్మకు మాత్రం రంగు వేయకండి. సగం కరగగానే మార్చేయండి.

మెగ్నీషియం దిమ్మలు మంచినీరు దాటని పడవలకే. ఉప్పునీటిలో దాని ధాటికి రేకు దగ్గర క్షారం పుట్టి రంగు లేస్తుంది, అల్యూమినియం కూడా దెబ్బతింటుంది.

ఇప్పటికే పడిన గుంటల సంగతి: రేకు చిల్లు పడినా, బాగా పలచబడినా వెల్డింగే చేయించండి. పైపై గుంటకు ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపి పూసే గట్టి జిగురు, చాలు. అయితే గీకిన అల్యూమినియం మీద క్షణాల్లో మళ్లీ ఆక్సైడ్ పొర కడుతుంది. అందుకని నేను ముందు ఎపాక్సీ పూసి, అది తడిగా ఉండగానే గరుకు కాగితంతో రుద్దుతాను. గాలి తగలదు, పట్టు గట్టిగా ఉంటుంది.

ఇంకొక మాట. ఆనోడ్ నీటిలో మునిగి ఉన్నప్పుడే పనిచేస్తుంది. మన పడవలు ఎక్కువ రోజులు ఇంటి ముందు ట్రెయిలర్ మీదే ఉంటాయి. ఆ ట్రెయిలర్ చెక్కలు పుచ్చకుండా రాగి మందు పట్టించినవైతే, పైన కప్పిన తివాచీ ఉప్పునీటిని పీల్చి ఉంటే, ఆ తడిలో రాగి రేకును తినేస్తుంది. అల్యూమినియానికి రాగిని మించిన శత్రువు లేదు. నా పడవ అడుగున చెక్కలు ఆనిన మేర వరసగా గుంటలు పడ్డాయి. ఏ దిమ్మ వేసినా అవి ఆగేవి కావు. చెక్కల మీద తివాచీ తీసి మందపాటి ప్లాస్టిక్ పట్టీలు బిగించాక, బే నుంచి వచ్చిన ప్రతిసారీ అడుగంతా మంచినీళ్లతో కడిగాక ఆగాయి. ఆనోడ్ కొనే ముందు మీ ట్రెయిలర్ తివాచీని ఒకసారి చేత్తో నొక్కి చూడండి, తడి తగులుతుందేమో.